తడి దూది పరీక్ష

కర్రి బంగారయ్య జుట్టుకు రంగు వేసుకున్న రోజునే, ఒంటి మీద రసాయనం ఉన్నవాళ్ళెవరూ వేదిక ఎక్కరాదని ఉత్తర్వు వచ్చింది.

రంగు ఇంకా ఆరలేదు. మెడకు పాత తువ్వాలు చుట్టుకుని, పెరట్లో పీట మీద కదలకుండా కూర్చున్నాడు. ఆ కాగితం అతని అక్క మంగతాయారు చదివింది. చదివి తమ్ముడి తల వంక చూసింది. మళ్ళీ చదివింది.

"ఒరే బంగారం, నీకు సన్మానం ఉందంటావా లేదంటావా?"

"ఉందనే కదా పిలిచారు."

"పిలిచారు. ఎక్కడానికి వీల్లేదంటున్నారు."

తూములపాలెంలో ఆ ఏడు సేంద్రియ ఆహార మహోత్సవం పెట్టారు. జనానికి మంచి తిండి అలవాటు చేసిన వ్యాపారులను పిలిచి, 'సేంద్రియ రత్న' బిరుదిచ్చి, శాలువా కప్పాలని జిల్లా సేంద్రియ ప్రోత్సాహక మండలి తీర్మానించింది. తూములపాలెం మటుకు ఆ రత్నం బంగారయ్యే. అందులో అన్యాయమేమీ లేదు. ప్యాకెట్ల నూనెలొచ్చి జనం గానుగను మరిచిపోయిన రోజుల్లో కూడా అతను గానుగ ఆపలేదు. ఆశయమంటూ ఏమీ లేదు, ఇంకో పని రాదు. కొట్టు ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళను ఆపి, ఆకు దొన్నెలో వేడన్నం, కందిపొడి, పైన నువ్వుల నూనె వేసి తినమనేవాడు. తిన్నవాళ్ళు దొన్నె నాకి, బాగుందని చెప్పి, పక్క కొట్లో ప్యాకెట్ కొనుక్కునేవాళ్ళు. తర్వాత ఊళ్ళో అందరికీ ఒకేసారి మోకాళ్ళ నొప్పులు, గుండె భయాలు మొదలయ్యాయి. డాక్టర్లే గానుగ నూనె వాడమన్నారు. నూనె మారలేదు. ఎద్దు మారలేదు. ఊరి మోకాళ్ళు మారాయి. ఇప్పుడు కొట్టు ముందు కార్లు ఆగుతున్నాయి.

బంగారయ్యకు శాలువా మీద మోజు లేదు. మోజంతా ఆ శాలువా కప్పేటప్పుడు ఎదురుగా కూర్చుని చూడబోయే మనిషి మీద.

ఆవిడ పేరు సుగుణవతి. రావులంక పోస్టాఫీసులో పని. భర్త పోయి చాలాకాలమైంది. బంగారయ్య భార్య పోయీ చాలాకాలమైంది. మంగతాయారు రెండు ఇళ్ళకూ తిరిగి, మాట కలిపి, ఇంట్లో పెళ్ళిచూపులు పెడితే ఇల్లు కనబడుతుంది, సభలో పెడితే మనిషి గొప్ప కనబడుతుందని ఆలోచించి, మహోత్సవానికి రమ్మని ఆవిడను పిలిచింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "మా తమ్ముడి జుట్టు ఒక్కటీ నెరవలేదమ్మా. అంతా మా నువ్వుల నూనె మహిమే" అని కూడా చెప్పింది.

బంగారయ్య జుట్టు ముగ్గుపిండిలా ఉండేది. అందుకే ఆ పీట, ఆ తువ్వాలు, ఆ రంగు.

"నిజం చెప్పేద్దామే అక్కా."

"ఏ నిజం? జుట్టు నెరిసిందనా, నూనె పనిచెయ్యలేదనా? ఒకటి చెప్తే పెళ్ళి పోద్ది. రెండోది చెప్తే కొట్టు పోద్ది. నోరు మూసుకుని ఆరబెట్టుకో."

ఉత్తర్వు వెనక కారణం ఉంది. ఇలాంటి మహోత్సవమే అంతకుముందు పక్క జిల్లాలో జరిగింది. అతిథులు సేంద్రియ భోజనం చేస్తుండగా, వాళ్ళను దోమలు కుట్టకుండా మునిసిపాలిటీవాళ్ళు విస్తళ్ళ మధ్యనుంచే మందు పొగ వదిలారు. పొగలో కూర్చుని నవ్వుతూ తింటున్న పెద్దల ఫొటో పేపర్లో పడింది. తూములపాలెంలో అలాంటి అప్రతిష్ఠ రానివ్వనని మండలి ప్రత్యేకాధికారి ఓగిరాల నృసింహమూర్తి గారు కంకణం కట్టుకున్నారు.

ఉత్తర్వుకు ముందు ఆయన పెట్టిన సన్నాహక సమావేశానికి, గానుగ పని ఉండి బంగారయ్య వెళ్ళలేదు.

"సభావేదిక సంపూర్ణంగా రసాయన రహితంగా ఉండవలెనని నిర్ణయించడమైనది" అన్నారు నృసింహమూర్తి గారు. ఆయన మామూలుగా మాట్లాడినా కింద సంతకం, ముద్ర ఉన్నట్టే వినిపిస్తుంది. "ప్లాస్టిక్ కుర్చీలు నిషిద్ధం. రంగు వేసిన తోరణాలు నిషిద్ధం. మందు కొట్టిన తోటల పూలు నిషిద్ధం. శాలువాలు సేంద్రియ పత్తితో నేసి, ఆకుపసర్లతో అద్దినవై ఉండవలెను."

అందరూ తలలూపారు. పురపాలక సంఘం ఛైర్మన్ కొల్లి భద్రాచలం గారు అందరికంటే ఎక్కువ ఊపారు. ఆయన నల్లటి పాపిడి జుట్టు నుదుటి మీద పడింది. దాన్ని వేలితో వెనక్కి తోశారు. ఊరికే తోచకనో, వెటకారానికో ఆయనే అడిగారు.

"వేదిక సరేనండి. మరి వేదిక మీద మనుషులో?"

నృసింహమూర్తి గారు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే ఎవరికో ఒకరికి కష్టం.

"మనిషి వేదిక మీద ఉండునా, ఉండడా?"

"ఉంటాడండి."

"వేదిక మీద ఉన్న పువ్వు వేదికలో భాగమైనప్పుడు, వేదిక మీద ఉన్న మనిషి భాగం కాకుండా పోవడానికి నిబంధనలలో అవకాశం లేదు. మంచి అంశం లేవనెత్తారు. కృతజ్ఞతలు."

అలా పుట్టిన ఉత్తర్వే బంగారయ్య పెరట్లోకి వచ్చినది. పౌడరు, సెంటు, జుట్టు రంగు, మీసాల రంగు పేరుపేరునా అందులో ఉన్నాయి.

మొదట తనిఖీ గానుగకు వచ్చింది. విందులో వాడే నూనె బంగారయ్య ఇవ్వాలి. నృసింహమూర్తి గారు నువ్వులు చూశారు, రోలు చూశారు, రోకలి చూశారు. సంతోషించారు. తర్వాత ఎద్దును చూశారు.

"దీనికి టీకాలు వేయించారా?"

"వేయించకపోతే చచ్చిపోద్దండి. గాలికుంటు టీకా మీ ప్రభుత్వంవాళ్ళే వచ్చి వేశారు."

"అనగా జంతువు దేహంలో మందు ప్రవేశించినది. ఆ జంతువు బలముతో గానుగ తిరిగినది. ఆ తిరుగుడు వల్ల నూనె వచ్చినది." ఆయన వేళ్ళు మడుస్తూ పోయారు. "కళ్ళగంతల గుడ్డ ఏ రకం?"

"పాత చొక్కా గుడ్డండి."

"టెరికాటన్."

"ఎద్దు కళ్ళకండి, నువ్వులకి కాదు కదండీ."

"బంగారయ్య గారూ, మీరు సేంద్రియ రత్న. ఆ విషయంలో మండలికి ఎలాంటి సందేహమూ లేదు. అయితే మీ నూనె మాత్రం సేంద్రియ విందుకు అర్హత పొందజాలదు."

విందుకు నూనె లేకుండా పోయింది. ఊళ్ళో టీకా వేయించుకోని ఎద్దు ఒక్కటీ లేదు. ఆలోచించి ఉడకబెట్టిన వంటలే వడ్డించాలని మండలి నిశ్చయించింది. విందు కోసం ఆడి ఉంచిన నూనె డబ్బాలన్నీ బంగారయ్య కొట్లోనే ఉండిపోయాయి. బజ్జీల బండి నూకరాజు వచ్చి, "మీటింగు రోజు జనం వస్తారు కదండీ, నాకిచ్చేయండి" అని పట్టుకుపోయాడు.

తర్వాత మనుషుల వంతు. సభకు ముందు మండలి కార్యాలయంలో నమూనా పరీక్ష పెట్టారు. నిమ్మరసంలో ముంచిన దూదిని జుట్టు మీద రుద్దుతారు. దూది తెల్లగా ఉంటే అర్హుడు. అసలు పురుగుమందులన్నీ ఎక్కువగా కొట్టేది పత్తికేనని ఎవరో అనడంతో, దూది కోసం ఎక్కడికో మనిషిని పంపి తెప్పించారు. నిమ్మకాయలు నృసింహమూర్తి గారి పెరటివి. వాటి మీద ఎవరూ ప్రశ్న వెయ్యలేదు.

పెద్దలు ముందుండాలని భద్రాచలం గారిని ముందు కూర్చోబెట్టారు. దూది ఆయన పాపిడి మీద నాలుగుసార్లు తిరిగి బయటికొచ్చింది. మసిగుడ్డలా ఉంది.



"అది మా ఆవిడ కాటుకండి" అన్నారు భద్రాచలం గారు.

"తలకా?" అన్నాడు నూనె మరకల చొక్కాతో వెనక నిలబడ్డ బంగారయ్య. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"ఆ తర్వాత మీరే రండి, రత్న గారూ" అన్నారు భద్రాచలం గారు.

"ఎద్దుకి కుడితి పెట్టాలండి" అని బంగారయ్య వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

మిగిలినవాళ్ళ దూదులూ నలుపే. ఎమ్మెల్యే గారికి హఠాత్తుగా హైదరాబాదులో పని పడింది. పరీక్ష అందరికీ చేసి, చివర్న ఎవరో భయభక్తులతో నృసింహమూర్తి గారి తల మీద కూడా దూది తిప్పి, ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. "అధికారి నమూనా విడిగా పరిశీలించబడును" అని జేబులో వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే భద్రాచలం గారు గుండుతో కనిపించారు.

"వెంకన్నకి మొక్కండి" అన్నారు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ.

గుండుకు కారణం అడగడం మన ఊళ్ళలో మర్యాద కాదు. మొక్కంటే మొక్కే. మధ్యాహ్నానికి సహకార సంఘం అధ్యక్షులకు మొక్కు గుర్తొచ్చింది. వర్తక సంఘం కార్యదర్శికి వాళ్ళ అమ్మమ్మ మొక్కు గుర్తొచ్చింది. స్వాగతోపన్యాసం చెయ్యాల్సిన మాస్టారికి ఏ మొక్కూ గుర్తు రాక, కొత్తగా మొక్కుకుని వెంటనే తీర్చేశారు. మంగలి అప్పన్న కొట్టు ముందు జనం బారు తీరారు.

"ఏంటండీ బాబూ, ఊళ్ళో పెద్దోళ్ళందరికీ ఒక్కసారే భక్తి పుట్టుకొచ్చేసింది!" అన్నాడు అప్పన్న కత్తి నూరుకుంటూ. "సబ్బొద్దంటారు, క్రీమొద్దంటారు, ఒట్టి నీళ్ళే అంటారు. గంటు పడితే నా పూచీ లేదండోయ్."

నృసింహమూర్తి గారి దగ్గర ఒకరు సందేహం లేవదీశారు. గుండు కొట్టించుకుని పరీక్ష తప్పించుకోవడం నిబంధనకు విరుద్ధం కాదా అని. అప్పటికి ఆయనా తలకు కండువా చుట్టుకుని ఉన్నారు.

"భక్తి నిషిద్ధ రసాయనముల జాబితాలో లేదు" అన్నారు.

సాయంత్రం బంగారయ్య అద్దం ముందు నిలబడ్డాడు. రంగు బాగా కుదిరింది. చెవుల దగ్గర కూడా అంటుకోలేదు. ఇరవై ఏళ్ళు తగ్గినట్టు లేకపోయినా, పదేళ్ళు పక్కకు జరిగినట్టు ఉంది.

"గుండుతో పెళ్ళిచూపులకి కూర్చుంటావా!" మంగతాయారు నెత్తి కొట్టుకుంది. "ఎవరో పోయారనుకుంటారురా."

"ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదంటుంది ఆవిడ. ఎక్కితే అందరి ముందూ దూది పెడతారు. మీసం కూడా పోవాలి, తెలుసా?"

"మీసం కూడానా?"

"దానికీ వేశాను కదే."

మంగతాయారు తమ్ముడి మీసం వంక చూసింది. తర్వాత ఆవిడకు ఒక వెలుగు కనిపించింది. "పోనీలేరా. గుండుకి నలుపూ లేదు, తెలుపూ లేదు. వయసెంతో ఎవడు చెప్తాడు? వెళ్ళు, వెళ్ళు. అప్పన్న కొట్టు కట్టేస్తాడు."

మహోత్సవం రోజున పందిరి దివ్యంగా ఉంది. తాటాకు పందిరి, వెదురు బల్లలు, వేపమండల తోరణాలు. వేదిక మీద వరసగా గుండ్లు. ఎండ తాటాకుల సందుల్లోంచి పడి, ఒక్కొక్క గుండు మీదా ఒక్కో చుక్క మెరుస్తోంది. భద్రాచలం గారు గుండుకు గంధం రాసుకుని వచ్చారు. గంధం ఏ చెట్టుదో ధ్రువపత్రం లేనందువల్ల కడిగించారు.

బంగారయ్య చివరి కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న కుర్చీల్లో సుగుణవతి కోసం వెతికాడు. ఫొటోలో చూశాడు ఆవిడను. గుర్తుపట్టగలడు. కానీ కుర్చీల్లో ఎవరూ లేరు.

సంగతేమిటంటే, ఆ పొద్దున్నే నృసింహమూర్తి గారికి ఇంకో సందేహం వచ్చింది. వేదిక మీద గాలి, జనం మధ్యలో గాలి ఒకటే గాలి కదా అని. వేదిక రసాయన రహితంగా ఉండాలంటే పందిరి మొత్తం ఉండాలి. కాబట్టి పందిరి గేటు దగ్గర ఇద్దరు వాలంటీర్లు దూది, నిమ్మరసం పట్టుకుని నిలబడ్డారు. పౌడరు రాసుకున్నవాళ్ళను ఆపారు. మల్లెపూలు పెట్టుకున్నవాళ్ళను ఆపారు. జుట్టు నల్లగా ఉన్న ప్రతి పెద్దమనిషినీ అనుమానించారు. రాత్రి దోమల చక్రం వెలిగించి పడుకుని లేచానని నిజం చెప్పినవాణ్ణి కూడా ఆపారు. ప్రేక్షకుల్లో లోపలికి వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు పందిరి వేసినవాడు. అతను పొద్దున్నుంచీ లోపలే ఉన్నాడు. రెండోది కుక్క.

"ప్రేక్షకుల హాజరు పూర్తి రసాయన రహితం" అని మైకులో ప్రకటించారు నృసింహమూర్తి గారు. గొంతులో సంతోషం దాచుకోలేదు.

ఉపన్యాసాలయ్యాయి. మంచి తిండి తిన్నవాడు మంచిగా ఉంటాడని ఒక్కో గుండూ లేచి చెప్పింది. పందిరివాడు చప్పట్లు కొట్టాడు. చివరికి అసలు ఘట్టం వచ్చింది.

"గానుగ నూనెను ఇంటింటికీ చేర్చిన సేంద్రియ రత్న శ్రీ కర్రి బంగారయ్య గారు!"

బంగారయ్య లేచాడు. నృసింహమూర్తి గారు ఆకుపచ్చ శాలువా విప్పి పట్టుకుని తిరిగారు. ఎదురుగా అన్నీ గుండ్లే. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. దాని ఫ్రేము ప్లాస్టిక్. దగ్గరలో ఉన్న గుండు భద్రాచలం గారిది. శాలువా తన వైపు రాగానే మెడ వంచడం భద్రాచలం గారికి చిన్నప్పటినుంచీ అలవాటు. మెడ వంచారు. శాలువా పడింది. ఫొటోగ్రాఫరు తీశాడు.

"నేనండీ బంగారయ్యని" అన్నాడు బంగారయ్య.

"బిరుదు ప్రదానం పూర్తయినది" అన్నారు నృసింహమూర్తి గారు. "ఒకసారి కప్పబడిన శాలువా ఉపసంహరించుకొనుటకు విధానం లేదు."

"ఏదో ఒక గుండు కదండీ" అని భద్రాచలం గారు శాలువా సర్దుకున్నారు. "ఊరికి దక్కిన గౌరవం."

బంగారయ్య వేదిక దిగాడు. మీసం పోయింది, జుట్టు పోయింది, శాలువా పోయింది. పెళ్ళి మిగిలిందో లేదో చూసుకుందామని గేటు దాటాడు.

ఊరంతా గేటు బయటే ఉంది. నూకరాజు బజ్జీల బండి చుట్టూ తిరనాళ్ళలా జనం. లోపల విందులో ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు చల్లారిపోతుంటే, ఇక్కడ బంగారయ్య నూనెలో మిరపకాయ బజ్జీలు బుసబుసలాడుతున్నాయి. ఆ వాసనకు రోడ్డు మీద పోయే లారీలు కూడా ఆగుతున్నాయి.

"అదిగోనమ్మా, మా తమ్ముడు" అంది మంగతాయారు. ఆవిడ పక్కన చేతిలో కాగితం పొట్లంతో ఒకావిడ నిలబడి ఉంది. ఫొటోలో మనిషే. కానీ చెవి పైన ఒక పాయ మటుకు తెల్లగా తేలిపోయి, తక్కినదంతా నల్లగా, దున్నిన చేలో ఒక చాలు వదిలేసినట్టు ఉంది.

"ఇందాకట్నించీ ఒకే రకం గుండ్లు కనబడుతున్నాయండి. ఎవరు మీరో తెలీక ఎవరికీ దణ్ణం పెట్టలేదు" అంది సుగుణవతి.

"సన్మానం బాగా జరిగిందా?" అంది మంగతాయారు.

"జరిగిందే. భద్రాచలం గారికి."

సుగుణవతి నవ్వింది. నవ్వుతూ బజ్జీ పొలమారింది. నూకరాజు పరుగున మంచినీళ్ళు తెచ్చాడు. తాగి, కళ్ళు తుడుచుకుని, సూటిగా అడిగింది.

"ఒక్క మాట చెప్పండి. ఆ గుండు కింద నలుపా, తెలుపా?"

మంగతాయారు నోరు తెరిచింది. బంగారయ్య ఈసారి ఆవిడకు అవకాశం ఇవ్వలేదు.

"ముగ్గుపిండండి. రంగేసుకున్నాను, మీరొస్తున్నారని. మా నూనె జుట్టు కోసం కాదు, అన్నంలోకి. అంతవరకే నా పూచీ."

"నూనె సంగతి నాకు తెలిసిందిలెండి. ఇది నాలుగో బజ్జీ." సుగుణవతి తెల్లపాయను చెవి వెనక్కి దోపుకుంది. "గేటు దగ్గర ఆ కుర్రాడు నాకూ దూది పెట్టాడండి. నల్లగా వచ్చిందని పైకెత్తి అందరికీ చూపించాడు. సిగ్గుతో చచ్చి వెనక్కి పోదామనుకున్నా. తీరా చూస్తే వెనక నిలబడ్డ ఊరంతా నాలాంటివాళ్ళే."

"మరైతే..." అన్నాడు బంగారయ్య.

"ముహూర్తానికి కాస్త మొలుస్తుందా?"

"మొలుస్తుందండి. తెల్లగా."

"మొలవనివ్వండి. మీరిక రంగు వెయ్యకండి." చేతిలో పొట్లం మడిచింది. "నేను మాత్రం మాననండి. ముందే చెప్తున్నా."

"మీ ఇష్టమండి" అన్నాడు బంగారయ్య. అతని గుండు చెవులదాకా ఎర్రబడింది.

"ఇంకేం, ఆ మీసం ఒక్కటీ త్వరగా పెంచరా" అని మంగతాయారు ఇంకో పొట్లం చెప్పింది.

అంతలో పందిరిలోంచి పెద్దలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. సొరకాయ ముక్కలతో వాళ్ళ ఆకలి తీరలేదు. భద్రాచలం గారు జనాన్ని తోసుకుంటూ బండి దగ్గరికొచ్చి, "నాలుగెయ్యరా నూకరాజూ" అన్నారు. ఎండ మండిపోతోంది. ఆయన శాలువా కొంగుతో గుండు మీద చెమట తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. బండి చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆయన తల వంకే చూశారు.

ఆకుపసర్లతో అద్దిన ఆ శాలువా రంగు దిగింది. భద్రాచలం గారి గుండు పచ్చిమిరపకాయలా నిగనిగలాడుతోంది.

వెనకే వచ్చిన నృసింహమూర్తి గారు దగ్గరికొచ్చి, కళ్ళు చికిలించి ఆ గుండు వంక చూశారు. పసరో, రసాయనమో తేల్చాలి. అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టారు. అక్కడున్నది ఆయన సొంత నమూనా. దాన్ని బయటికి తియ్యడానికి వీల్లేదు.

సుగుణవతి చీర కొంగు ముడి విప్పింది. గేటు దగ్గర కుర్రాడి చేతిలోంచి లాక్కున్న దూది అందులోనే ఉంది. ఆయనకు అందించింది.

"దీంతో చూడండి సార్. ఇంకోపక్క తెల్లగానే ఉంది."